మేం పోసిన నీళ్లు

నాయకత్వం నేర్పడం నా ఉద్యోగం. నవ్వకండి, అలాంటి ఉద్యోగం నిజంగానే ఉండేది. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజుల్లో నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక గ్రామసేవకుణ్ణి వేసేవారు. విత్తనాల దగ్గర నుంచి మరుగుదొడ్ల దాకా అన్నీ చూసుకోవలసిన మనిషి అతనే. అంతమందికి శిక్షణ ఇవ్వడానికి ప్రభుత్వ కేంద్రాల్లో చోటు చాలక, కొన్ని బ్యాచీలను నెల్లూరు తీరాన ఉన్న మా మిషను బడికి పంపేవారు. పొద్దున పూట నారుమడి, ఎరువు గుంట, పొగ రాని పొయ్యి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే గంట నాది. సరుగుడు తోపు మీదుగా సముద్రపు గాలి కిటికీల్లోకి వస్తుంటే, కడుపు నిండా అన్నం తిన్న కుర్రవాళ్లకు నాయకత్వం గురించి చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియదు. సగం మంది కళ్లు తెరుచుకునే నిద్రపోయేవారు.

మీలో కొందరు ఇప్పుడు అలాంటి ఉద్యోగాల్లోకే వెళ్తున్నారు. పేర్లు మారాయి, జీతాలు పెరిగాయి, జీపులు వచ్చాయి. మీకు పనికొచ్చే నాలుగు మాటలు రాయమని అడిగారు. పనికొచ్చే మాటలు నా దగ్గర లేవు. ఒక ఊరి సంగతి ఉంది, అది రాస్తాను. ఎవరి పేర్లూ చెప్పను. చాలామంది పోయారు, ఉన్నవాళ్లను ఇబ్బంది పెట్టి ఈ వయసులో నేను సాధించేది ఏమీ లేదు.

మా బడి ప్రిన్సిపాలు ఒక పాస్టరు గారు. అందరం అయ్యగారు అనేవాళ్లం. సన్నగా పొడుగ్గా ఉండేవారు, తెల్ల పంచె మోకాళ్ల దగ్గర ఎప్పుడూ మట్టి మరకలే. ఆయనకు తెలిసిన పాఠం ఒకటే. ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు కదా, నాయకత్వం అంటే అదే, అంతకు మించి ఏమీ లేదు అనేవారు. నాయకుడు అందరికంటే ఆఖర్న తినాలి. ఎవరినీ బలవంతం చేయకూడదు. తను వంగి పని చేసి ఎదుటివాడి మనసు మార్చాలి. నేను ఈ మాటలను తరగతిలో సాగదీసి చెప్పేవాణ్ణి, ఆయన చేసి చూపించేవారు. బడిలో మరుగుదొడ్లు కడగడానికి మనిషిని పెట్టనివ్వలేదు. వంతులు వేసుకుని అందరం కడిగేవాళ్లం. ఆయన వంతు అందరికంటే ఎక్కువసార్లు వచ్చేది.

ఏటా శుభ శుక్రవారానికి, అంటే గుడ్ ఫ్రైడేకి, ముందు రోజు సాయంత్రం ఆయన శిక్షణకు వచ్చిన కుర్రవాళ్ల కాళ్లు కడిగేవారు. ఆ వచ్చేవాళ్లేమో చాలావరకు హిందూ రైతుల బిడ్డలు. పెద్దవాడు తమ కాళ్లు ముట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల భయం. ఒక ఏడు ఒకడు జీడిమామిడి తోటలోకి పారిపోయి దీపాలు పెట్టేదాకా తిరిగి రాలేదు. ఇంకొకడు కాళ్లు బెంచీ కిందకు లాక్కుని, “అయ్యగారూ, కావాలంటే నేనే మీ కాళ్లు కడుగుతా, నన్ను మాత్రం ఒదిలెయ్యండి,” అని బతిమాలాడు. అయ్యగారు వదల్లేదు. బలవంతం కూడదనే మనిషి ఆ ఒక్క విషయంలో మాత్రం మంకుపట్టు పట్టేవారు.

అరవైల మొదట్లో వచ్చిన ఒక బ్యాచీలో బుచ్చిరెడ్డిపాలెం వైపు కుర్రవాడు ఒకడు ఉండేవాడు. మాగాణి ఉన్న కుటుంబం. ఇంట్లో జీతగాళ్లు, పాడి, దేనికీ కొదవ లేదు. ఉద్యోగం చేయాల్సిన అవసరమే లేని మనిషి. అయ్యగారు కాళ్లు కడుగుతున్నంతసేపూ అతను కదలకుండా కూర్చున్నాడు. అయిపోయాక తడి కాళ్లతోనే నా దగ్గరికి వచ్చాడు.

“మా నాయన కాళ్లు తప్ప నేను ఇంకొకళ్ల కాళ్లు ముట్టింది లేదు సార్. ఈ పెద్దాయన నా కాళ్లు పట్టుకున్నాడు. ఇంక నేను ఎట్ట బతకాలో మీరే చెప్పండి,” అన్నాడు.

“నీకు పోస్టింగు వచ్చిన ఊళ్లో అందరికంటే కింద నిలబడు,” అన్నాను. ఎంత బాగా చెప్పానో అని నాలో నేనే మురిసిపోయాను. మాట బాగా కుదిరితే మాలాంటి వాళ్లం అది నిజమైపోయినట్టే అనుకుంటాం.

అతనికి జువ్వలదిన్నెకు దక్షిణంగా, పడమటి వైపు కాలవ, తూర్పు వైపు సముద్రం ఉన్న ఒక ఊరు ఇచ్చారు. ఆ ఊళ్లో ఇసుక దిబ్బ మీద ఒకే ఒక తీపి నీళ్ల బావి. కింద పల్లంలో ఉన్న మా క్రైస్తవుల వాడను అప్పట్లో పల్లె అనేవారు. పల్లెలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. పల్లె ఆడవాళ్లు కడవలు తీసుకుని దిబ్బ మీదికి వస్తారు. కడవలు చప్టా కింద పెట్టి దూరంగా నిలబడతారు. ఊరి ఆడవాళ్లలో ఎవరికైనా దయ కలిగి, తమ బిందెలు నిండాక రెండు చేదలు తోడి పైనుంచి పోస్తే, వాళ్లు పక్కకు తప్పుకున్నాక వచ్చి కడవ ఎత్తుకోవాలి. చేంతాడు ముట్టుకోకూడదు. ఒకప్పుడు ఎవరో ముట్టుకుంటే ఏం జరిగిందో పల్లెలో పిల్లలకు కూడా తెలుసు. ఇదంతా నేను ఎవరినో అడిగి తెలుసుకున్నది కాదు. నేను పుట్టింది ఇంకో ఊళ్లో అలాంటి పల్లెలోనే. మా అమ్మ కొంగు పట్టుకుని అలా నిలబడ్డవాణ్ణే.

అతను చేరిన కొద్ది రోజులకే రోజూ తెల్లారగట్ల బావి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. గోచీ బిగించి, చేద వేసి, పల్లెలో ప్రతి కడవా నిండేదాకా తోడి పోసేవాడు. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాశాయి. మాగాణి రైతుబిడ్డ పల్లెకు నీళ్లు తోడుతున్నాడన్న కబురు కాలవ వెంబడి పడవల మీద మా బడికి చేరింది. అయ్యగారు ప్రార్థనలో ఏడ్చారు. నేనూ ఏడ్చాను. జీవితంలో ఒక్క విద్యార్థి అయినా పాఠం విన్నాడు కదా అని.

అప్పటి నుంచి ప్రతి బ్యాచీనీ పడవలో ఆ ఊరికి తీసుకుపోవడం మాకు ఆనవాయితీ అయింది. కుర్రవాళ్లు తలా నాలుగు చేదలు తోడి పోసేవారు. మిషను తరఫున వచ్చిన అతిథులు ఫొటోలు తీసుకునేవారు. ఊరి రైతులు కూడా అరుగుల మీద నుంచి లేచి వచ్చి మమ్మల్ని ఆదరించేవారు, మజ్జిగ ఇచ్చేవారు. అందులో ఒక పెద్ద రైతు, మోతుబరి, నాతో అన్నాడు: “బంగారం లాంటి పిల్లోడిని పంపినారు సార్. మా ఆడోళ్లకు ఆ పని తప్పింది.”

ఇంటికి వచ్చి ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆమె మిషను ఆసుపత్రిలో నర్సు. రోజంతా రోగుల దగ్గర నిలబడి వచ్చి, నా ఉపన్యాసాలు వినే ఓపిక ఆమెకు ఉండేది కాదు.

“ఊరోళ్లు ఏమీ అనలేదా?” అంది.

“ఒక్కరు కూడా అనలేదు. పైగా మజ్జిగ ఇచ్చారు.”

“అదే నాకు నచ్చలా. మనోళ్లకి నిజంగా ఏదన్నా మంచి జరిగుంటే ఈపాటికి ఎవరో ఒకరు గొడవకి వచ్చుండాల,” అంది. “ఇంతకీ ఆ చేంతాడు మనోళ్ల చేతికి ఒక్కసారన్నా వచ్చిందా?”

అన్నిటికీ వంకలు పెడతావు అన్నాను. ఆమె పొయ్యి వెలిగించుకోవడానికి లేచి వెళ్లింది.

ఆ పల్లెలో ఒక విధవరాలు ఉండేది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించేది కాబట్టి అందరూ బైబిలమ్మ అనేవారు. అప్పటికి యాభై దాటి ఉంటాయి. గట్టి మనిషి. దిబ్బకు ఉత్తరం కొసన ప్రభుత్వ బంజరు ఉంది, అక్కడ తవ్వితే తీపి నీళ్లే పడతాయి, మా పల్లెకు అక్కడ ఒక బావి తవ్వించండి అని సమితి ఆఫీసు చుట్టూ తిరిగేది. తర్వాతి ఏడు మేం బ్యాచీతో వెళ్లినప్పుడు ఆమె నన్ను పక్కకు పిలిచింది.

“అయ్యా, మీ పిల్లోడు మంచోడు. ఆయన చేతి నీళ్లు తాగతా ఆయన్ని ఒక మాట అంటే నా నోట్లో పురుగులు పడతాయి. కానీ నా గోడు కూడా వినండి. మొన్న సమితి ఆఫీసులో మీ బడిలో చదివిన ఆఫీసరే ఉండాడు. నన్ను చూసి నవ్వినాడు. ‘మీకు బావి ఎందుకమ్మా, మీ గ్రామసేవకుడే మీకు బావి. మీది ఆదర్శ గ్రామం. బావి లేని ఊళ్లు నాకు ఇంకా శానా ఉండాయి,’ అన్నాడు. మీరన్నా అయ్యగారితో చెప్పి ఆఫీసుకి ఒక మాట చెప్పించండి.”

గ్రామసేవకుణ్ణి అడిగాను. అతనికి ఆ సంగతి తెలుసు. ముఖం కిందకు దించుకున్నాడు.

“నేను కూడా రాసినా సార్. నన్నూ అదే అడిగినారు, నువ్వు పోస్తా ఉండావు గదా అని. పల్లె వాళ్లని చప్టా ఎక్కనిమ్మని రైతులతో మాట్లాడినా. నిదానంగా జరగతాయిలే అంటారు. గట్టిగా అడగాలంటే అడగొచ్చు. బలవంతం చేస్తే అది నాయకత్వం కాదని మీరే గదా చెప్పినారు. రోజూ చూస్తా ఉండారు, ఒక రోజుకి మనసు మారకుండా ఎట్టుంటాది?”

బడికి వచ్చి అయ్యగారికి చెప్పాను. “వేరే బావి తవ్వితే వాళ్లు వేరు, వీళ్లు వేరు అని మనమే గీత గీసినట్టు అవుతుంది. ఇప్పుడు ఒకే బావి దగ్గర అందరూ కలుస్తున్నారు. ప్రభువు అక్కడ పని చేస్తున్నాడు. మనం తొందరపడకూడదు,” అన్నారు. ఆ గొంతులో కపటం లేదు. కపటం ఉంటే నేను ఎదురు చెప్పి ఉండేవాణ్ణేమో. ఆఫీసుకు ఎవరమూ మాట చెప్పలేదు.

ఆ వచ్చిన ఎండాకాలం, శుభ శుక్రవారం వచ్చే శ్రమల వారంలో, కొత్త బ్యాచీకి మాట్లాడటానికి అయ్యగారు అతన్ని బడికి పిలిపించారు. పుస్తకంలో చెప్పిన నాయకుణ్ణి కళ్లారా చూడనివ్వాలని ఆయన ఆశ. అతను వచ్చినట్టే వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“వారం రోజులంటే నాకు భయంగా ఉండాది అయ్యగారూ. నీళ్లు ఎవరు పోస్తారు?”

“ఊళ్లో ఇంతమంది లేరా? రెండేళ్లుగా నిన్ను చూశారు. వాళ్ల హృదయాలను ఒకసారి వాళ్లనే పరీక్షించుకోనీ,” అన్నారు అయ్యగారు.

“బయల్దేరే ముందు పెద్ద రైతుని అడిగినా. నిబ్బరంగా పోయిరా నాయనా, మేం చూసుకుంటాం అన్నాడు.”

“మరి ఇంకేం?” అన్నాను నేను.

అతను ఉండిపోయాడు. ఆ వారమంతా నా గంట అతనికే ఇచ్చాను. ఒక్కడు కూడా నిద్రపోలేదు. అరచేతులు చూపించమంటే సిగ్గుపడ్డాడు. నాయకుడికి అధికారం వద్దా అని ఎవరో అడిగితే, చేద చాలు అన్నాడు. కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు.

గురువారం సాయంత్రం. హాల్లో బెంచీలు వరసగా వేశారు. ఇత్తడి పళ్లెం, చెంబులతో నీళ్లు, మడతపెట్టిన తువాళ్లు. అయ్యగారు నడుముకు తువాలు కట్టుకుని మొదటి కుర్రవాడి ముందు మోకరించబోతున్నారు. అప్పుడు గుమ్మంలో ఒక మనిషి కనిపించాడు. బైబిలమ్మ తమ్ముడు. కాలవ గట్టు వెంట నడిచి వచ్చినట్టున్నాడు, మోకాళ్ల దాకా బురద, దాని మీద దుమ్ము. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

అతన్ని చూడగానే అయ్యగారి ముఖం విప్పారింది. ఈ సాయంత్రం అలాంటి కాళ్లతో ఒక మనిషి తన గుమ్మంలోకి రావడం ప్రభువు అనుగ్రహమే అనుకున్నారు పాపం. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందరికంటే ముందు బెంచీలో కూర్చోబెట్టారు.

“అయ్యగారూ, నేను వచ్చింది...”

“అన్నీ తర్వాత నాయనా. ముందు కూర్చో.”

అతను కూర్చున్నాడు. అయ్యగారి మాట కాదనడం ఆ పల్లె వాళ్లకు చేతకాదు. కాళ్లు వెనక్కు లాక్కోబోయాడు, అయ్యగారు పట్టుకున్నారు. పళ్లెంలో నీళ్లు నల్లగా అయ్యాయి. కుర్రవాళ్లు పాట అందుకున్నారు. అతను మాత్రం మా గ్రామసేవకుణ్ణే చూస్తూ, నోరు తెరవడం, మూయడం. వేలి వేలి మధ్యా తుడిచి, పాదం మీద ముద్దు పెట్టుకుని అయ్యగారు తల ఎత్తేదాకా అతను మాట్లాడలేదు.

“మా అక్క చచ్చిపోయింది అయ్యగారూ,” అన్నాడు. “పసిబిడ్డలు కూడా పోయినారు. పల్లెంతా వాంతులు, బేదులు.”

పాట ఒక్కొక్క గొంతుగా ఆగింది. తర్వాత అతను చెప్పింది ఇది. మొదటి రోజు పెద్ద రైతు కోడలు కొన్ని నీళ్లు పోసింది. మర్నాటి నుంచి ఎవరూ పోయలేదు. కోపం వల్ల కాదు. రెండేళ్లుగా ఆ పని గ్రామసేవకుడిది, వాళ్లకు అలవాటు తప్పిపోయింది, అంతే. ఆడవాళ్లు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎండలో నిలబడి, ఆఖరికి కాలవకు పోయి నీళ్లు ముంచుకొచ్చారు. ఎండాకాలం కాలవలో నీళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

“మా అక్క బావి చప్టా ఎక్కింది అయ్యగారూ. చేంతాడు మీద చెయ్యి కూడా ఏసింది. పెద్ద రైతు వచ్చినాడు. కొట్టలా, తిట్టలా. ‘దిగమ్మా, రెండు దినాల్లో పిల్లోడు వస్తాడు, ఆయనే పోస్తాడు, ఇంత కాలం ఉండి ఇప్పుడు ఎందుకు మాట పడతావు,’ అన్నాడు. మంచిగానే చెప్పినాడు. అక్క దిగేసింది.”

గ్రామసేవకుడు హాల్లో లేడు. అప్పటికే బయట పడవ కోసం పరుగెత్తాడు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఎందుకంటే మర్నాడు ఉదయం దగ్గరికి వెళ్లాక నేను ఇంక రాయలేను.

ఆ ఏడే అతనికి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన గ్రామసేవకుడు నీళ్లు పోయలేదు, అది అతని ఉద్యోగంలో లేదు, అతన్ని తప్పు పట్టలేం. సమితి వాళ్లు పల్లెకు బావి తవ్వించారు. దిబ్బ మీద కాదు, పల్లంలో, పల్లె మధ్యలో. ఉప్పునీళ్లు పడ్డాయి. మా పాత విద్యార్థే, ఆ ఆఫీసరే, పూలదండ వేయించుకుని దాన్ని ప్రారంభించాడు. గిన్నెలు తోముకోవడానికి పనికొచ్చింది. మా గ్రామసేవకుడు మరుసటి ఏడు ఉద్యోగం వదిలేసి మాగాణికి వెళ్లిపోయాడు. ఒకసారి నెల్లూరు బస్టాండులో కనిపించాడు. నన్ను చూశాడు. పలకరిస్తాడని ఆగాను, మనిషి అటు తిరిగి బస్సెక్కాడు. అరవైలు గడవకముందే ప్రభుత్వానికి సొంత కేంద్రాలు వచ్చాయి, మా బడికి పంపడం మానేశారు. అయ్యగారు చివరి రోజుల్లో మంచంలో ఉండి, “మనం చెప్పింది తప్పా?” అని నన్ను అడిగేవారు. ఆయన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి అనేవాణ్ణి. ఏం అన్నానో ఇప్పుడు గుర్తు లేదు, అందులో నిజం ఉండి ఉండదు.

నాకు తట్టింది చాలా ఆలస్యంగా. ప్రభువు ఎవరి కాళ్లు కడిగాడో వాళ్లు ఆ రాత్రి ఆయన పక్కనే కూర్చుని ఆయన గిన్నెలోనే చెయ్యి పెట్టి తిన్నారు. మేం ఆ కడగడం ఒకటే తీసుకున్నాం, పక్కన కూర్చోవడం వదిలేశాం. నాయకులం అవుతామనుకున్నవాళ్లకు వంగడం నేర్పాం. లేచి నిలబడాలనుకున్న ఒక ఆడమనిషి మా కళ్లముందు ఉంటే, ఓపిక పట్టమన్నాం. ఇది తెలిసి కూడా బడి మూసేదాకా నేను పాత పాఠమే చెప్పాను, మరొకటి నాకు రాదు గనక. ఆ తర్వాత ప్రార్థనకు మోకాళ్లు వంచిన ప్రతిసారీ నా మాటలు నాకే రోత పుట్టించేవి. ఇప్పటికీ అంతే.

ఆ ఉదయానికి వస్తాను. శుభ శుక్రవారం తెల్లవారేసరికి ఆ ఊరు చేరాం. గ్రామసేవకుడు, నేను, మందుల పెట్టెతో మా ఆవిడ, బైబిలమ్మ తమ్ముడు. పల్లెలో ఏడుపులు కూడా లేవు, ఏడ్చే ఓపిక ఎవరికీ లేదు. మా ఆవిడ కొంగు నడుముకు దోపుకుని మొదటి గుడిసెలోకి దూరింది. లోపలి నుంచే కేక వేసింది.

“తీపి నీళ్లు కావాల, శానా కావాల. కాచి చల్లార్చి తాపాల. బిడ్డలు ఎండిపోతా ఉండారు, తొందరగా తెప్పించండి.”

లేవగలిగిన ఆడవాళ్లు కడవలతో మా వెంట దిబ్బ ఎక్కారు. గ్రామసేవకుడు అందరికంటే ముందు చప్టా ఎక్కాడు. గిలక మీద చేంతాడు సరిచేశాడు. చేద వేయలేదు. తాడు కొస పట్టుకుని ఆడవాళ్ల వైపు తిరిగాడు.

“రండమ్మా,” అన్నాడు. “పైకి రండి. మీరే తోడుకోండి. నేను ఇక్కడే నిలబడతా.”

ఎవరూ కదల్లేదు. అతని చెయ్యి చాచి ఉంది, తాడు కొస వేలాడుతోంది. అంతలో ఊళ్లో నుంచి పది పదిహేను మంది వచ్చారు, ముందు పెద్ద రైతు. కర్రలు లేవు, కేకలు లేవు. పెద్ద రైతు కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

“బిడ్డలు పోయినారంటే మాకు మాత్రం కడుపు కాలదా నాయనా?” అన్నాడు. “అయితే ఒకటి ఆలోచించు. పల్లెలో కలరా ఉండాది. ఈ పొద్దు ఆ చేతులు ఈ తాడు మీద పడితే రేపటికి ఊరంతా అంటుకుంటాది. కావాలంటే నర్సమ్మనే అడుగు. నువ్వు పొయ్యి. ఎన్ని కడవలైనా పొయ్యి. నువ్వు పోస్తానంటే మేం ఎప్పుడన్నా అడ్డం చెప్పినామా?”

అది నిజమే. ఒక్కరోజు కూడా అడ్డం చెప్పలేదు.

అతను నా వైపు చూశాడు. బడి హాల్లో తడి కాళ్లతో నా దగ్గరికి వచ్చిన రోజు కూడా అలాగే చూశాడు. ఇప్పుడు ఆ కళ్లలో నమ్మకం లేదు, అడగడానికి మరో మనిషి లేక అడుగుతున్నాడు.

“సార్, ఈ పొద్దు పోస్తే ఇంక ఎప్పటికీ పోస్తానే ఉండాల. వీళ్లు ఎప్పటికీ పైకి రారు. ఆపమంటారా, పొయ్యమంటారా?”

కింద పల్లెలో మా ఆవిడ మళ్లీ నీళ్లని కేక వేసింది. నా పక్కన ఒక తల్లి నిలబడి ఉంది, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఇంట్లో బిడ్డను వదిలి వచ్చింది. ఆమె నన్ను చూడలేదు, బావినీ చూడలేదు. చంకలోని కడవ తీసి చప్టా కింద ఇసుకలో పెట్టి, దూరంగా వెళ్లి నిలబడింది. ఆమెను చూసి మిగిలినవాళ్లు కూడా ఒక్కొక్కరుగా కడవలు పెట్టారు.

నేనూ అలాంటి పల్లెలో పుట్టినవాణ్ణే. ఆ దూరం నాకు తెలుసు.

“పొయ్యి నాయనా,” అన్నాను.